తప్పుకు ఈడు ఎప్పుడు?

మాండవ్యుడనే ముని మౌనవ్రతంలో ఉండగా కొందరు దొంగలు దోచిన సొమ్ముతో సహా ఆయన ఆశ్రమంలో దూరారు. వెంటపడి వచ్చిన రాజభటులు దొంగలు ఎటు పోయారని అడిగితే ముని పెదవి విప్పలేదు. వెతికితే సొమ్ము దొరికింది, దొంగలూ దొరికారు. నోరు మెదపని మునిని కూడా ఆ జట్టులోనే కట్టి, రాజాజ్ఞతో కొరత వేశారు. ఆయన చావలేదు. సంగతి తెలిసి రాజు వచ్చి కాళ్ల మీద పడ్డాడు గానీ ఒంట్లో దిగిన శూలం ఊడి రాలేదు. బయటికి ఉన్నంత మేర నరికేస్తే, లోపల మిగిలిన ముక్కతోనే తిరుగుతూ ఆణిమాండవ్యుడన్న పేరు తెచ్చుకున్నాడు. తాను చేసిన పాపమేమిటో తెలుసుకోవడానికి ధర్ముడి కొలువుకే వెళ్లాడు. చిన్నతనంలో పురుగుల తోకల్లో గడ్డిపుల్లలు గుచ్చావు, దాని ఫలమే ఇది అన్నాడు ధర్ముడు. ఇంత చిన్న తప్పుకు అంత పెద్ద దండనా అని ముని మండిపడి, మనిషివై పుట్టమని ధర్ముణ్ని శపించాడు. విదురుడి పుట్టుకకు భారతం ఆదిపర్వం చెప్పే కారణం ఇదే. నన్నయ తెలుగు చేసిన భాగంలోనూ ఈ కథ ఉంది. కథను విదురుడి కోసం గుర్తు పెట్టుకున్నంతగా మనం దాని చివరి మాటను గుర్తు పెట్టుకోలేదు. శాపంతో ఆగకుండా మాండవ్యుడు లోకానికి ఒక హద్దు కూడా పెట్టాడు: ఇకమీదట 14వ ఏడు దాకా చేసినదేదీ పాతకం కింద లెక్కకు రాదు, ఆ తర్వాత చేస్తేనే దోషం.

ఆ మాటలో ఏముందో, ఏం లేదో నిదానంగా చూడాలి. పురుగును గుచ్చడం తప్పు కాదని ముని అనలేదు. ఆ వయసులో తనకు తెలియదు అని కూడా వాదించలేదు. ఈ రోజు నుంచి ఈ హద్దు నేను పెడుతున్నాను అన్నాడు. అంటే ఆయన మాట్లాడింది పిల్లవాడి మనసులో ఏముందన్న సంగతి కాదు, తీర్పు చెప్పేవాడు ఎక్కడ ఆగాలన్న సంగతి. పసిబిడ్డలకు మంచీచెడ్డా పుట్టుకతోనే తెలుస్తుందా అన్న ప్రశ్న ఇవాళ మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగశాలల్లో నలుగుతోంది. అంతకు చాలా ముందు నుంచీ ఆ ప్రశ్నకు తమ తమ జవాబులు రాసి పెట్టింది ధర్మశాస్త్రాలు, చర్చిలు, కోర్టులు. ఏ ఏడు దాటాక పిల్లవాడి తప్పును తప్పుగా లెక్కగట్టాలి అని గీత గీసిన ప్రతిచోటా పసిమనసు గురించి ఒక ఊహ దాగి ఉంది. ఆ గీతల చరిత్రలో నాకు కనబడేది ఇది: వీడికి తెలుసా అన్న ప్రశ్నకు దొరికిన జవాబును వీడు బాధ్యుడా అన్న ప్రశ్నకు జవాబుగా వాడిన ప్రతిసారీ పిల్లలు నష్టపోయారు. పుట్టుకతో నీతి ఉందని తేలినా, లేదని తేలినా, శిక్షకు ఈడు ఎప్పుడన్నది దానివల్ల తేలదు. ఆ హద్దు పెద్దలు పెట్టవలసిందే, దాని బరువు పెద్దలు మోయవలసిందే.

మన శిక్షాస్మృతిలో ఈనాటికీ ఉన్న 7 ఏళ్ల గీత ఇక్కడ పుట్టింది కాదు. 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి క్రోడీకరించిన రోమన్ చట్టం 7 ఏళ్ల లోపు బిడ్డను శిశువుగానే చూసింది. కాథలిక్ చర్చి కూడా వివేకం మేలుకునే వయసుగా ఆ అంకెనే పట్టుకుంది. పిల్లలకు తొలి సత్ప్రసాదం ఇచ్చే ఈడు సుమారు 7 అని పదవ పయస్ పోపు 1910లో కూడా ఆదేశించాడు. ఇంగ్లండు సంప్రదాయ న్యాయంలో 7 లోపు వాడు నేరం చేయలేడనేవారు. 7 నుంచి 14 దాకా మాత్రం ఒక మెలిక ఉండేది: వాడికి తెలియదనే ముందు అనుకోవాలి, తెలుసునని రుజువైతే పెద్దవాడిలాగే శిక్షించవచ్చు. దుర్బుద్ధి ఉంటే అది వయసు లోటును పూడుస్తుందన్నది అక్కడి న్యాయసూత్రం. 1769లో వెలువడిన తన వ్యాఖ్యానాల నాలుగో సంపుటంలో విలియం బ్లాక్‌స్టన్ ఈ సూత్రాన్ని వివరిస్తూ, అబింగ్డన్ పట్టణంలో రెండు ధాన్యపు కొట్టాలకు నిప్పుపెట్టిన 8 ఏళ్ల పిల్లవాణ్ని విచారించి ఉరితీసిన ఉదంతాన్ని చెప్పాడు. పగ, జిత్తులు కనిపించాయి కాబట్టి ఉరి. తోటి పిల్లల్ని చంపిన ఇద్దరు పిల్లల సంగతీ చెప్పాడు: ఒకడు తాను దాక్కున్నాడు, మరొకడు శవాన్ని దాచాడు. తాము చేసింది తప్పని వాళ్లకు తెలుసనడానికి ఆ దాచడమే సాక్ష్యమైంది. ఈ సాక్ష్యాన్ని మనసులో పెట్టుకుందాం. ముందుముందు మళ్లీ అవసరం పడుతుంది.

ఉరితాడు దాకా పోయిన ఆ తర్కానికి వెనక ఒక వేదాంతం ఉంది. పాలిచ్చే తల్లి ఒడిలో మరో బిడ్డను చూసి మాట రాని శిశువు కూడా అసూయతో పాలిపోతాడని 4వ శతాబ్దం చివర సెయింట్ అగస్టీన్ రాశాడు. పసిబిడ్డలో నిర్దోషం అనిపించేది ఒంట్లో సత్తువ లేకపోవడమే తప్ప మనసులో మంచితనం కాదన్నది ఆయన భావం. జన్మపాపాన్ని నమ్మిన సమాజంలో పిల్లవాడి కొంటెతనం కూడా ఆ పాపానికి మొలకే. 17వ శతాబ్దం చివర జాన్ లాక్ బిడ్డ మనసు తెల్లకాగితమన్నాడు. 1762లో రూసో మనిషి మంచివాడిగానే పుడతాడని, సమాజం చెడగొడుతుందని వాదించాడు. చైనాలో మెన్సియస్, షూన్‌జీ ఇదే తగవును క్రీస్తుకు పూర్వమే తేల్చుకోలేక వదిలారు. మన సామెతలూ రెండు పక్షాలూ పలుకుతాయి: పువ్వు పుట్టగానే పరిమళిస్తుందనీ అంటాం, మొక్కై వంగనిది మానై వంగదనీ అంటాం. ఈ వాదాల్లో ఎవరు నెగ్గారన్నది నాకు ముఖ్యం కాదు. ఎవరి మాట నెగ్గినా పిల్లవాడికి మిగిలేది ఏమిటన్నది ముఖ్యం. పుట్టుకతోనే పాపి అంటే బెత్తం. పుట్టుకతోనే ధర్మం తెలిసినవాడంటే, తెలిసీ చేశాడు కాబట్టి ఇంకో రెండు దెబ్బలు.

1837లో మెకాలే సారథ్యంలో ముసాయిదా తయారై, 1860లో చట్టమై, 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతి ఈ ఇంగ్లీషు కొలతనే సవరించి తెచ్చింది. 82వ సెక్షన్ కింద 7 ఏళ్ల లోపు బిడ్డ చేసింది నేరం కాదు. 83వ సెక్షన్ కింద 7 దాటి 12 నిండని బిడ్డ, తాను చేసిన పని స్వభావాన్నీ పర్యవసానాన్నీ తేల్చుకోగల పరిణతి లేనివాడైతే, అదీ నేరం కాదు. పై గీత ఇంగ్లండులో 14 అయితే ఇక్కడ 12. ఒక మేలు మాత్రం జరిగింది. మంచీచెడ్డా తెలుసా అన్న పాత ప్రశ్నను వదిలి, ఈ చట్టం పర్యవసానాన్ని తూచగలడా అని అడిగింది. అడిగిన ప్రశ్న మెరుగైనా, జవాబు వెతికిన చోటు మారలేదు. అప్పటి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు హైకోర్టు కిందివి. ఆ కోర్టు తీర్పులే ఇక్కడి మేజిస్ట్రేట్లకు దారి. 1883 నాటి ఒక కేసు ఇప్పటికీ న్యాయశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. 9 ఏళ్ల బిడ్డ రెండున్నర రూపాయల విలువైన నెక్లెస్ దొంగిలించి వెంటనే ఒక పెద్దమనిషికి 5 అణాలకు అమ్మేసింది. దొంగసొత్తు కొన్నాడని అతని మీద కేసు. 12 నిండని బిడ్డ చేసింది దొంగతనమే కానప్పుడు అది దొంగసొత్తు ఎలా అవుతుందని మేజిస్ట్రేటు అతన్ని వదిలేశాడు. తీసిన వస్తువును వెంటనే అమ్ముకోవడమే ఆ బిడ్డ పరిణతికి రుజువని హైకోర్టు అంది.

ఆ లెక్కను ఒకసారి దగ్గరగా చూడండి. రెండున్నర రూపాయలంటే 40 అణాలు. 40 అణాల వస్తువును 5 అణాలకు, అంటే ఎనిమిదో వంతుకు, అప్పటికప్పుడే వదిలేసిన బిడ్డ. పర్యవసానం తూచగల మనసు ఆ బేరంలో నాకు కనిపించదు. చేతిలోని వస్తువు విలువెంతో తెలియదు, ఎదుటివాడు తనను ముంచుతున్నాడని తెలియదు, రేపు ఎవరు అడుగుతారో తెలియదు. పరిణతి ఎవరికైనా ఉందంటే కొన్నవాడికే ఉంది. కానీ చట్టం అల్లికలో కొన్నవాణ్ని పట్టుకోవాలంటే ముందు బిడ్డను దొంగగా నిలబెట్టాల్సి వచ్చింది. ఆ తీర్పు వల్ల బిడ్డకు శిక్ష పడిందని నేననడం లేదు. ప్రశ్న బిడ్డ గురించి అయినా అవసరం పెద్దల వ్యవహారానిది అంటున్నాను. దీని పక్కన మరో మద్రాసు కేసు పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒక ఇంట్లో పనిచేసే 10 ఏళ్ల ఆడపిల్ల 8 అణాల వెండి గుండీ ఒకటి తీసి తన తల్లికి ఇచ్చింది. కింది కోర్టు దొంగతనం కింద శిక్ష వేసింది. ఆ పిల్లకు చట్టం చెప్పే పరిణతి ఉందని ఎక్కడా తేల్చలేదు కాబట్టి ఆ శిక్ష చెల్లదని హైకోర్టు కొట్టేసింది. ఒక బిడ్డ అమ్మింది, ఒక బిడ్డ అమ్మకిచ్చింది. వయసులో ఏడాది తేడా, అదీ వెనకముందులుగా. కోర్టు చేతికి దొరికిన ఆనవాలు రెంటిలోనూ ఒకటే: తీసిన తర్వాత ఏం చేసింది అన్నది. అబింగ్డన్ నుంచి మద్రాసు దాకా న్యాయమూర్తులు బిడ్డ మనసును చదవడానికి వాడిన కొలబద్ద అదే.

ఆ కొలబద్ద ఎంత వదులైనదో చూపే సాక్ష్యం విచిత్రంగా చార్లెస్ డార్విన్ ఇంట్లో దొరుకుతుంది. తన పెద్దకొడుకు విలియం 1839 డిసెంబరు 27న పుట్టినప్పటి నుంచీ ఆయన వాడి ఏడుపు, నవ్వు, భయం, కోపం రోజూ రాసి పెట్టుకున్నాడు. ఆ కాగితాలను దాదాపు 37 ఏళ్లు పక్కన పెట్టి, 1877లో మైండ్ అనే పత్రికలో వ్యాసంగా వేశాడు. పిల్లవాడికి రెండేళ్ల ఏడున్నర నెలలప్పుడు భోజనాల గదిలోంచి వస్తూ ఎదురయ్యాడట. కళ్లు మామూలుగా లేని మెరుపుతో ఉన్నాయి, నడకలో ఏదో నటన ఉంది. లోపలికి వెళ్లి చూస్తే, వద్దని చెప్పిన పొడిచక్కెర తింటున్నాడని తెలిసింది. రెండు వారాలకు అదే గదిలోంచి మళ్లీ వచ్చాడు. ఒంటిమీది ఏప్రాన్‌ను జాగ్రత్తగా చుట్ట చుట్టి పట్టుకుని దాన్నే చూసుకుంటున్నాడు. చుట్టలో ఏముందని తండ్రి అడిగితే ఏమీ లేదన్నాడు, వెళ్లిపొమ్మని పదేపదే గద్దించాడు. విప్పి చూస్తే ఊరగాయ రసం మరకలు. వాణ్ని ఎప్పుడూ ఏ విధంగానూ దండించలేదు కాబట్టి ఆ వింత వాలకం భయం కాదనీ, సరదాకూ అంతరాత్మకూ మధ్య జరిగిన పెనుగులాట కావచ్చనీ డార్విన్ అనుకున్నాడు.

ఆయన పరిశీలన చక్కనిది. అంతరాత్మ అన్న ముగింపు మాత్రం సాక్ష్యాన్ని దాటిపోతుంది. ఆ పిల్లవాడికి తెలిసిందేమిటి? తండ్రి వద్దన్నాడని తెలుసు, చూస్తే నొచ్చుకుంటాడని తెలుసు. చక్కెర తింటే ఎవరికి నష్టమో, అది ఎందుకు తప్పో తెలిసిన దాఖలా లేదు. అయినా వాడు దాచాడు, బొంకాడు, సాక్షిని వెళ్లగొట్టాడు. బ్లాక్‌స్టన్ చెప్పిన కేసుల్లో ఏ పనిని దుర్బుద్ధికి రుజువుగా తీసుకున్నారో ఆ పని మూడేళ్లు నిండని బిడ్డ భోజనాల గదిలో చేసి చూపించాడు. దాచడం నేరపరిణతికి గుర్తయితే ఆ గీత రెండున్నరేళ్లకు దించాలి. అలా దించడానికి ఎవరూ ఒప్పుకోరు కదా. కాబట్టి దాచడం చూపేది పెద్దల ముఖం చదవడం వచ్చిందని మాత్రమే. పసిబిడ్డలకు అది చాలా తొందరగా వస్తుంది, పెద్దల ముఖం మీదే వాళ్ల బతుకు ఆధారపడి ఉంది కాబట్టి రావాలి కూడా. ఇంకొకరి నొప్పిని ముందుగా ఊహించి చేయి వెనక్కి తీసుకోవడం వేరే విద్య. అది చాలా ఏళ్లు పడుతుంది.

డార్విన్ చేసినదాన్ని 20వ శతాబ్దంలో పరిశోధకులు వృత్తిగా చేపట్టారు. జెనీవాలో జాన్ పియాజే పిల్లల గోళీలాటల నియమాలు అడిగి తెలుసుకుంటూ, కథలు చెప్పి తీర్పులు రాబడుతూ 1932లో ఒక పుస్తకం వెలువరించాడు. భోజనానికి పిలిస్తే తలుపు తోసుకొచ్చి, వెనక ట్రే ఉందని తెలియక 15 కప్పులు పగలగొట్టినవాడు ఒకడు. అమ్మ ఇంట్లో లేనప్పుడు జామ్ కోసం అలమార ఎక్కి ఒక కప్పు పగలగొట్టినవాడు ఒకడు. ఎవరిది పెద్ద తప్పని అడిగితే చిన్నపిల్లలు కప్పులు లెక్కపెట్టారు, పెద్దపిల్లలు ఉద్దేశం చూశారు. కథలో నష్టాన్నీ ఉద్దేశాన్నీ విడదీసి అడిగితే అంతకన్నా చిన్నవాళ్లు కూడా ఉద్దేశాన్ని పట్టించుకుంటారని తరువాతి పరిశోధకులు ఆయన్ని సరిదిద్దారు. గీత ఎక్కడన్నది కదిలింది గానీ ఎదుగుదల ఉందన్నది చెరగలేదు. 2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో చూపించింది నాకు మరీ ఇష్టమైన సాక్ష్యం. బట్టలు ఆరేస్తున్న మనిషి చేతి నుంచి క్లిప్పు జారిపడి అందక అవస్థ పడుతుంటే, 18 నెలల బిడ్డలు పొగడ్తా తాయిలమూ లేకుండానే తీసి అందించారు. అదే మనిషి కావాలని క్లిప్పు కింద పారేస్తే అంతగా కదల్లేదు. 24 మంది బిడ్డల్లో 22 మంది ఏదో ఒక పనిలో సాయపడ్డారు.

ఇంకా చిన్న బిడ్డల సంగతి తేల్చినట్టు కనిపించింది 2007లో నేచర్ పత్రికలో వచ్చిన యేల్ విశ్వవిద్యాలయ ప్రయోగం. కైలీ హామ్లిన్, కరెన్ విన్, పాల్ బ్లూమ్ ఒక బుల్లి బొమ్మలాట కట్టారు. పెద్ద కళ్లున్న చెక్కబొమ్మ ఒకటి కొండ ఎక్కబోతుంది. ఎక్కలేకపోతే ఒక బొమ్మ కిందనుంచి తోస్తుంది, ఇంకో బొమ్మ పైనుంచి దిగదోస్తుంది. ఆట అయ్యాక రెండు బొమ్మలూ ముందు పెడితే 10 నెలల బిడ్డల్లో 16 మందికి 14 మంది, 6 నెలల బిడ్డల్లో 12 మందికి 12 మందీ సాయం చేసిన బొమ్మ మీదే చేయి వేశారు. మాట రాకముందే నీతి ఉందన్న మాట ప్రపంచమంతా పాకింది. 2012లో న్యూజిలాండ్ పరిశోధకులు అడ్డు చెప్పారు: పైకి చేరిన బొమ్మ సంతోషంతో ఎగిరి గంతులేస్తుంది కదా, బిడ్డలకు నచ్చింది ఆ గంతేమో అని. చివరికి 5 ఖండాల్లోని 37 ప్రయోగశాలలు ముందే పద్ధతి రాసుకుని, వెయ్యి మందికి పైగా బిడ్డలకు ఆ ఆటనే తెరమీద మళ్లీ ఆడి చూపించాయి. అందులో లెక్కకు నిలిచిన 567 మంది ఫలితాలు 2024 చివర వెలువడ్డాయి. కొండ ఎక్కించిన బొమ్మను ఎంచుకున్న బిడ్డలు 49.34 శాతం. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది.

అయితే పసిబిడ్డలకు పుట్టుకతో ఏ నీతీ లేదని తేలిపోయిందా అంటే లేదు. ఈ ఫలితం కొట్టేసింది ఒక్క కొలతను: బొమ్మ మీద చేయి వేయడాన్ని. తెరమీది బొమ్మలాట కాక చెక్కబొమ్మలతో చూపితే వేరుగా వచ్చేదా, చూపుతో కొలిస్తే వేరుగా వచ్చేదా అన్న వాదనలు సబబైనవే. 18 నెలలకు క్లిప్పు అందించే బిడ్డ ఆ గుణాన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే తెచ్చుకుంది. దానికి బీజం పుట్టుకలో లేదని ఎవరూ తెగేసి చెప్పలేరు. నాకు తోచినంతలో బిడ్డతో పాటు పుట్టేది మనుషుల మీద ఆసక్తి, వాళ్ల ప్రయత్నంలో తానూ ఓ చేయి వేయాలన్న ఉత్సాహం. ధర్మం దాని మీద కట్టవచ్చు, అదే ధర్మం కాదు. అసలు ఈ 17 ఏళ్ల కథలో చరిత్రకారుడికి పనికొచ్చే సంగతి వేరే ఉంది. 28 మంది బిడ్డలు చేతులు చాపిన తీరును చూసి మానవ స్వభావం గురించి ఒక తీర్మానం నిలబడింది, 567 మంది ముందు అది తూలిపడింది. శాస్త్రం తన మాటను తానే సరిదిద్దుకుంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. శిక్షాస్మృతి ఇలాంటి మాట మీద ఆధారపడితే దిద్దుబాటు వచ్చేలోగా పిల్లలు లోపల ఉంటారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. మాండవ్యుడి హద్దు పాపం గురించి గానీ నేరం గురించి కాదు, పురాణాన్ని పట్టుకొచ్చి చట్టానికి అంటగట్టడం తగదని. ఒప్పుకుంటాను, అందుకే స్మృతుల్లోకి వెళ్లాలి. ఉపనయనానికి ముందు పిల్లవాడు ఇష్టమొచ్చినట్టు తిరగవచ్చు, మాట్లాడవచ్చు, తినవచ్చు అంటుంది గౌతమ ధర్మసూత్రం. 8 ఏళ్ల దాకా శిశువు గర్భంలో ఉన్నవాడితో సమానమనీ, 16 దాకా బాలుడేననీ నారదస్మృతి వ్యవహారకాండ కోసం చెప్పింది. ఇంకా లోతైన మాట మితాక్షరలో ఉంది. కల్యాణి చాళుక్యుల ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన ఈ వ్యాఖ్య తెలుగువాళ్లకు పరాయిది కాదు. 13వ శతాబ్దంలోనే కేతన దీన్ని విజ్ఞానేశ్వరీయమన్న పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ప్రాయశ్చిత్తాల దగ్గర మితాక్షర పాత స్మృతి వచనాలను ఉదాహరిస్తుంది. 16 నిండనివాడికి సగం ప్రాయశ్చిత్తం చాలు. 5 దాటి 11 నిండనివాడి తప్పుకు ప్రాయశ్చిత్తం వాడు చేయనక్కర్లేదు. వాడి తరఫున గురువో హితుడో చేయాలి. అంతకన్నా చిన్నవాడికి అపరాధమూ లేదు, పాతకమూ లేదు, రాజదండమూ లేదు.

మధ్య వరుసను చూడండి. తప్పు జరగలేదని అది అనలేదు. దాని భారాన్ని బిడ్డ నెత్తి నుంచి తీసి పెద్దవాడి నెత్తిన పెట్టింది. ఉపవాసం ఉండాల్సింది గురువు. బిడ్డకు మంచీచెడ్డా తెలుసా తెలియదా అన్న తగవు తేలకపోయినా ఈ ఏర్పాటు పనిచేస్తుంది. 7 నుంచి 14 మధ్య పిల్లల మనసులో దుర్బుద్ధిని తవ్వి చూసిన ఇంగ్లండు కోర్టుల కంటే ఇది మెరుగైన ఆలోచన అని నా నమ్మకం. దీన్ని చూసి మురిసిపోవడానికి మాత్రం లేదు. ఈ స్మృతులు లెక్కలోకి తీసుకున్న పిల్లవాడు ముఖ్యంగా ఉపనయనం జరిగే కులాల మగపిల్లవాడు. ఆడపిల్లకూ, శూద్రుల బిడ్డకూ, ఊరవతల ఉంచిన ఇళ్ల పిల్లలకూ ఈ వెసులుబాటు ఎంత అందిందో అదే శాస్త్రాల్లోని ఇతర శిక్షలు చూస్తే ఊహించవచ్చు. మాండవ్యుడి శాపంలోనే ఆ మరక ఉంది: ధర్ముడికి వేసిన శిక్ష శూద్రయోనిలో పుట్టడం. పసివాడి తప్పును మన్నించమన్న నోటితోనే పుట్టుకను శిక్షగా చేసిన కథ అది. మంచి సూత్రం కొందరి పిల్లలకే దక్కడం కన్నా పెద్ద ఆక్షేపణ ఈ సంప్రదాయం మీద ఇంకేదీ ఉండదు. దానికి జవాబు ఆ సూత్రాన్ని పారేయడం కాదు, అందరి పిల్లలకూ వర్తింపజేయడం.

ఆ పని మన దగ్గర చట్టాల ద్వారానే మొదలైంది. 1920 నాటి మద్రాసు బాలల చట్టం దేశంలో ఈ తరహా చట్టాల్లో మొదటిది. పిల్లల్ని పెద్దల జైలు నుంచి వేరు చేసి చూడాలన్న ఆలోచనకు అది రూపం. పిల్లలుగా లెక్కించే పై హద్దు మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 అని 1986 చట్టం అన్నది. 2000 నాటి చట్టం ఇద్దరికీ 18 చేసింది. ఇంగ్లండులో కింది గీత 1933లో 8కి, 1963లో 10కి లేచింది. కానీ 10 నుంచి 14 మధ్య పిల్లలకు తెలియదనే ముందు అనుకోవాలన్న పాత రక్షణను 1998లో తీసేశారు. 1993లో రెండేళ్ల పసివాణ్ని 10 ఏళ్ల పిల్లలిద్దరు చంపిన ఘోరం తర్వాత ఆ దేశం మనసు గట్టిపడిన కాలమది. మన దేశంలో 2012 డిసెంబరు ఢిల్లీ అత్యాచారం తర్వాత అదే జరిగింది. 2015 చట్టం ప్రకారం 16 నుంచి 18 మధ్యవాళ్లు అతి తీవ్రమైన నేరం చేశారన్న ఆరోపణ ఉంటే, వాళ్ల శారీరక మానసిక సామర్థ్యాన్నీ, పర్యవసానాలు గ్రహించే శక్తినీ జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా కట్టి, పెద్దవాళ్లలా విచారించాలో లేదో తేలుస్తుంది.

ఇక్కడ అందరి నోటా వినే మాట: 16 ఏళ్లవాడికి అది తప్పని తెలియదా? తెలుసు. మూడేళ్లు నిండని పిల్లవాడికే చక్కెర తినకూడదని తెలిసినప్పుడు 16 ఏళ్లవాడికి హత్య తప్పని తెలియకపోవడమేమిటి. బాధితుల ఇంట్లో కూర్చుని ఈ ప్రశ్న అడిగేవాళ్ల బాధను నేను చిన్నచూపు చూడను. వాళ్లకు న్యాయం జరగాలి, చేసినవాడు జవాబు చెప్పాలి, కట్టడిలో ఉండాలి. కానీ తెలుసు అన్న ఒక్క మాటతో గీత దించడం మొదలుపెడితే ఆగే మెట్టు లేదు. అబింగ్డన్‌లో అది 8 ఏళ్ల దగ్గర కూడా ఆగలేదు. 16 ఏళ్ల వయసులో ఉండనిది తెలివిడి కాదు, తెలిసినదాన్ని పట్టుకుని నిలబడే బలం. గుంపు ఉసిగొల్పినప్పుడు, కోపం ఎగసినప్పుడు, ఆ క్షణం అవతల ఉన్న ఏళ్లను చూడగలగడం. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఈ బోర్డుల పని గురించి తీర్పు చెబుతూ సరిగ్గా ఈ ముడి విప్పింది. నేరం చేయగల మానసిక సామర్థ్యం ఒకటి, దాని పర్యవసానాలను గ్రహించే శక్తి మరొకటి, మొదటిది ఉంది కాబట్టి రెండోదీ ఉందనుకోవడం కుదరదంది. పర్యవసానమంటే అప్పటికప్పుడు జరిగేది మాత్రమే కాదు, బాధితుడికీ, ఆ కుటుంబానికీ, తనకూ ముందుముందు జరగబోయేది కూడా అంది. బోర్డులో మనస్తత్వ నిపుణులు లేకపోతే బయటివాళ్ల సాయం తీసుకుని తీరాలంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత మాత్రం 20, 21 సెక్షన్లలో ఆ పాత 7నీ, ఆ పాత 12నీ దాదాపు పాత మాటల్లోనే ఉంచింది. నేరబాధ్యతకు కనీస వయసు కనీసం 14 ఉండాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2019లో అన్ని దేశాలకూ చెప్పింది. మన పార్లమెంటు కొత్త సంహిత రాసుకున్నప్పుడు ఆ సలహా ముందే ఉంది, మాండవ్యుడి హద్దు అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ ఉంది.